సారమేయుని దురద

జనవరి నెల. టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగర శివారున ఒక తెలుగువారి ఇల్లు. రాత్రి రెండు దాటింది. వంటింటి ప్రక్క గదిలో మెడపట్టీకి తగిలించిన లోహపు బిళ్ళ ఆగకుండా టంగుటంగుమని మోగుతోంది. లడ్డూ అని పిలవబడే నాలుగేళ్ల లాబ్రడార్ కుక్క వెనుకకాలితో చెవిని గోక్కుంటోంది. గోకడం ఆపితే ముందుకాళ్ళ వేళ్ళ సందులను నాకుతోంది. మీగడ వన్నె బొచ్చు పాదాల దగ్గర మాత్రం లాలాజలానికి నాని తుప్పురంగు తిరిగింది. పొట్ట క్రింద చర్మం నల్లబడి, ఏనుగు తోలులాగా మందమయింది.

తెల్లవారితే ఆఫీసులకు పోవలసిన భార్యాభర్తలకు నిద్ర లేదు. పదేళ్ల కొడుకు మాత్రం ఒక ఉపాయం కనిపెట్టాడు. దిండు తెచ్చుకుని కుక్క ప్రక్కనే నేలమీద పడుకుని, దాని వెనుకకాలు చేతితో పట్టుకుని నిద్రపోవడం అలవాటు చేసుకున్నాడు. “ఎవరికైనా ఇచ్చేద్దామా” అన్న మాట ఆ ఇంట్లో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పిల్లవాడు ఇంట్లో లేనప్పుడే వచ్చింది.

దురద మొదలయినది లడ్డూకు రెండేళ్ల వయసులో. మొదటి ఏడు డిసెంబరులో వచ్చి మార్చికి పోయింది. మరుసటి ఏడు వచ్చినది ఇక పోలేదు. యాంటీహిస్టమిన్ మాత్రలు వాడితే చెప్పుకోదగ్గ గుణం కనబడలేదు. స్టెరాయిడ్ మాత్రలు వాడితే నాలుగు రోజులలో దురద మాయమయింది. కాని కుక్క బిందెలకొద్దీ నీళ్ళు త్రాగి, ఇంట్లోనే తడిపి, తీరని ఆకలితో చెత్తబుట్టలు తిరగవేసింది. మాత్రలు మానగానే దురద తిరిగివచ్చింది. సంచులలో అమ్మే గుళికల ఆహారం ఆరు రకాలు మార్చి చూశారు, ఒక్కొక్కటి రెండేసి వారాలు. ఏదీ ఫలించలేదు. అన్నట్టు, లడ్డూ మాత్రను ఊరికే మింగేది కాదు కాబట్టి దురదమాత్రను ప్రతిసారీ ఒక చీజు ముక్కలో దాచి పెట్టేవారు. ఈ చీజు ముక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఎలర్జీ శాస్త్రం పుట్టుకలోనే ఒక కుక్క

ఎలర్జీ మనుషుల జబ్బు అనీ, కుక్కలకు అది అమెరికా సుఖాలతో వచ్చిన గారాబపు రోగమనీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ శాస్త్రం మొదలయినదే కుక్కతో. 1901 లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ ఓడమీద ప్రయాణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవుల విషాన్ని పరిశీలించారు. పారిస్‌కు తిరిగివచ్చి, సీ అనిమొనీ అనే జీవి విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఎక్కిస్తే టీకా వేసినట్లు తట్టుకునే శక్తి వస్తుందేమో చూశారు. నెప్ట్యూన్ అనే కుక్కకు మొదటి మోతాదు ఏ హానీ చేయలేదు. కొన్ని వారాల తరువాత, 1902 ఫిబ్రవరిలో, స్వల్పమైన మోతాదే మళ్ళీ ఇవ్వగా ఆ కుక్క 25 నిమిషాలలో ప్రాణం విడిచింది. రక్షణ కలగవలసినచోట దానికి సరిగ్గా విరుద్ధమయినది జరిగింది కాబట్టి దీనికి రిషే ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టాడు. 1913 లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ నడుమ 1906 లో వియన్నాకు చెందిన క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘ఎలర్జీ’ అన్న మాటను సృష్టించాడు. ప్రయోగశాలలో సూదితో కలిగించినది కాక, సహజంగా పుప్పొడి పడని కుక్క ఒకటి 1941 లో విటిక్ అనే అమెరికన్ వైద్యుని వ్యాసం ద్వారా వైద్యలోకానికి పరిచయమయింది. దానికి పడనిది శరదృతువులో పూసే రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి.

పడకపోవడం అంటే ఏమిటి? శరీరంలోని రోగనిరోధక వ్యవస్థకు శత్రువును గుర్తుపట్టే ప్రతిరక్షకాలు ఉన్నాయి. వాటిలో ఇమ్యూనోగ్లోబులిన్-ఇ అనే జాతి చాలా తక్కువ మోతాదులో ఉంటుంది. దీనిని 1966-67 ప్రాంతాలలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా కనిపెట్టారు. చర్మంలోనూ ప్రేగులలోనూ ఉండే మాస్ట్ కణాల ఉపరితలం మీద ఈ ప్రతిరక్షకాలు కొక్కేలలాగా అమరి ఉంటాయి. ఒక్క కొక్కెం తగిలినంత మాత్రాన ఏమీ జరగదు. ఒకే ప్రోటీను అణువు ప్రక్కప్రక్కనున్న రెండు కొక్కేలకు ఒకేసారి తగులుకుని వాటి నడుమ వంతెన కట్టినప్పుడే మాస్ట్ కణం తెరుచుకుని హిస్టమిన్ వంటి రసాయనాలను వెదజల్లుతుంది. ఈ వంతెన సంగతి చిన్నదే అయినా, లడ్డూ చికిత్సలో సగం దానిమీదనే ఆధారపడి ఉంది.

మనిషికి పుప్పొడి పడకపోతే ముక్కు కారుతుంది, కళ్ళు ఎర్రబడతాయి. కుక్కకు ఎక్కువగా చర్మం దురదపెడుతుంది: పాదాలు, చెవులు, చంకలు, గజ్జలు, మూతి. ఎలర్జీ గల చాలా కుక్కల చర్మంలో కణాల నడుమ సిమెంటులాగా ఉండే సెరమైడ్ అనే కొవ్వు పదార్థం తక్కువగా ఉంటుంది. ఆ పగుళ్ళగుండా పుప్పొడి ప్రోటీనులు లోపలికి చొరబడతాయి. పైగా కుక్క దురదకు హిస్టమిన్ ప్రధాన కారణం కాదు. తెల్లరక్తకణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-31 అనే చిన్న ప్రోటీను తిన్నగా నాడిని తాకి దురద పుట్టిస్తుంది. మనిషికి పనిచేసే యాంటీహిస్టమిన్ మాత్ర లడ్డూకు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలుస్తోంది కదా!

మొదట తేల్చుకోవలసినవి

ఫిబ్రవరిలో ఆ కుటుంబం లడ్డూను చర్మవ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందిన పశువైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆమె ఎలర్జీ అన్న మాటే ఎత్తలేదు. పళ్ళు దగ్గరగా ఉండే దువ్వెనతో బొచ్చు దువ్వి తెల్లకాగితంమీద దులిపి చూసింది. ఫ్లీలనే, బొచ్చులో గెంతుతూ తిరిగే రెక్కలు లేని చిన్న పురుగుల కోసం ఆ వెతుకులాట. వాటి లాలాజలం పడని కుక్కకు రెండు మూడు కాట్లు చాలు, వారాల తరబడి గోక్కుంటుంది. తరువాత గజ్జి పురుగు ఉన్నదేమోనని చర్మాన్ని గీకి సూక్ష్మదర్శినిలో పరీక్షించింది. చివరకు పాదాల సందులలో అంటించి తీసిన టేపు ముక్కకు రంగువేసి చూస్తే స్టఫిలోకాకస్ బాక్టీరియా, మలసేజియా అనే బూజు గుంపులుగా కనబడ్డాయి. ఇవి ఎలర్జీకి మూలం కావు. ఎలర్జీతో దెబ్బతిన్న చర్మంమీద కాపురం పెట్టినవి. కాని ఇవి ఉన్నంతకాలం దురద దేనివలన వస్తున్నదో ఎవరూ చెప్పలేరు. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు, నురుగు 10 నిమిషాలు ఒంటిమీద నిలిచేటట్లు స్నానం చేయించమన్నది. పది నిమిషాలు తడికుక్కను పట్టుకుని ఉండడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. నెల రోజులలో వాసన పోయింది, దురద కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

అప్పుడు ఆ ఇంటి యజమాని అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు: రక్తపరీక్ష చేసి ఏ ఆహారం పడదో చెప్పరాదా అని. పుప్పొడికి రక్తపరీక్ష కొంత పనికివస్తుంది. ఆహారానికి మాత్రం నమ్మదగిన రక్తపరీక్ష నేటికీ లేదు. ఇక వెంట్రుకనో లాలాజలాన్నో తపాలాలో పంపిస్తే వందల పదార్థాల జాబితా తిరిగి పంపే వ్యాపారాల మాట చెప్పనే అక్కరలేదు. అటువంటి ఒక పరీక్షకు అమెరికన్ వైద్యులు ఇద్దరు నిజమైన కుక్కల నమూనాలతోపాటు కృత్రిమమైన బొచ్చును, ఉప్పునీటిని కూడా పంపించి, 2019 లో ఫలితాలు ప్రకటించారు. బొమ్మ బొచ్చుకు కూడా ఎలర్జీలు ఉన్నట్లు జవాబు వచ్చింది! డబ్బు ఖర్చు పెట్టదలచుకున్నవారు దానితో లడ్డూలు కొనుక్కు తినడం మేలు.

మిగిలినది ఒకటే మార్గం. అనుమానమున్న ప్రోటీనులన్నిటినీ ఆపివేసి, ఎనిమిది వారాలు ఒకే ఆహారం పెట్టి, తగ్గిందో లేదో చూడడం. తగ్గితే పాత ఆహారం మళ్ళీ పెట్టి, దురద తిరిగివస్తున్నదో లేదో చూడడం. ఎనిమిది వారాలే ఎందుకంటే, ఆహారపు ఎలర్జీ గల కుక్కలలో ఐదు వారాలకు సుమారు 80 శాతం, ఎనిమిది వారాలకు 90 శాతం పైగా గుణం చూపుతాయని 2015 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. రెండేసి వారాలకు సంచి మార్చే పద్ధతిలో ఏ ఆహారానికీ న్యాయమైన అవకాశం దొరకదు.

ఏది పెట్టాలి అన్నది తరువాతి ప్రశ్న. ఆహారపు ఎలర్జీ రుజువయిన 297 కుక్కల వివరాలను సమీకరించిన 2016 నాటి మరొక సమీక్షలో గొడ్డుమాంసం 34 శాతం, పాలపదార్థాలు 17, కోడిమాంసం 15, గోధుమ 13 శాతం కుక్కలకు పడలేదు. బియ్యం 2 శాతానికే పడలేదు. ధాన్యం లేని ఆహారమే సర్వరోగ నివారిణి అని ప్రచారం చేసేవారు ఈ అంకెలను ఒకసారి చూడాలి. ఒక జంతువు మాంసం పడనప్పుడు దాని దగ్గరి బంధువుది కూడా పడకపోవచ్చు: ఆవుపాలు, గొడ్డుమాంసం, గొర్రెమాంసాలలోని ప్రోటీనులు కొన్ని ఒకదానికొకటి పోలి ఉంటాయి. కొన్ని దశాబ్దాల క్రితం గొర్రెమాంసం, బియ్యం కలిపిన ఆహారాన్ని ఎలర్జీ రానిదిగా అమ్మారు. అన్ని కుక్కలూ దానినే తినడం మొదలుపెట్టాక గొర్రెమాంసం పడని కుక్కలూ బయలుదేరాయి.

సంచిమీద వ్రాసినదాన్ని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. ఇటలీ పరిశోధకులు 2013 లో ఇటువంటి ప్రత్యేక ఆహారాలు 12 పరీక్షిస్తే 10 సంచులలో పైన వ్రాయని జంతువుల అవశేషాలు దొరికాయి. ఒకే యంత్రంలో అన్ని రకాలూ తయారవడం దీనికి ఒక కారణం. అందువలన వైద్యురాలు రెండు దారులు చూపించింది. ఇదివరకెన్నడూ తినని కుందేలు మాంసం వంటిదేదో ఇంట్లో వండి పెట్టడం ఒకటి. వైద్యుని చీటీమీద మాత్రమే అమ్మే, ప్రోటీనులను ముక్కలు చేసిన ఆహారం రెండవది. వంటింట్లో గుడ్డు కూడా ఉడకని ఇల్లు అది. రెండవ దారే ఎంచుకున్నారు.

ప్రోటీనులను ముక్కలు చేయడంలోని రసాయనశాస్త్రం చక్కనిది. పెద్ద గంగాళానికి రెండు కడియాలు ఉంటాయి. ఇద్దరు మనుషులు చెరొక కడియం పట్టుకుంటేనే అది లేస్తుంది. గంగాళాన్ని బ్రద్దలుకొడితే ఒక్కొక్క ముక్కకు ఒక్క కడియమే మిగులుతుంది, లేదా అదీ ఉండదు. ప్రోటీను అణువు కూడా అంతే. ఎలర్జీ కలిగించే ఆహార ప్రోటీనుల అణుభారం సాధారణంగా 10 నుంచి 70 కిలోడాల్టన్ల వరకు ఉంటుంది. ఎంజైములతో వాటిని చిన్నచిన్న ముక్కలుగా కోస్తే, రెండు కొక్కేల నడుమ వంతెన కట్టగలిగిన పొడవు వాటికి ఉండదు. పోషణకు లోటు లేదు, ఎందుకంటే ప్రేగులు చేయవలసిన పనిని కార్ఖానాలో ముందే చేశారు. కాని కోత అన్ని సంచులలోనూ ఒకే మేరకు జరగదు. పైగా ఆహారపు ఎలర్జీలో కొంత భాగం ప్రతిరక్షకాల ప్రమేయం లేకుండా నేరుగా తెల్లరక్తకణాల ద్వారా నడుస్తుంది. కాబట్టి కొన్ని కుక్కలకు ఈ ఆహారమూ పడదు.

ముద్ద పెరుగన్నం

ఏప్రిల్ మధ్యలో పరీక్ష మొదలయింది. అదే వారంలో తెనాలి నుంచి నాయనమ్మ, తాతయ్య ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. తాతయ్య తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. లడ్డూను ‘సారమేయుడా’ అని పిలిచేవారు. చీజు ఆపివేశారు. పిల్లవాడి బిస్కట్లు పై అరలోకి వెళ్ళాయి. ఎనిమిది వారాలు గడిచాయి. దురద అంగుళం కూడా కదలలేదు.

జూన్‌లో వైద్యురాలు ఇక ఆహారం కారణం కాదని తేల్చివేయవచ్చు. అలా చేయలేదు. ఈ ఎనిమిది వారాలలో కుక్క నోట్లోకి వెళ్ళిన ప్రతి వస్తువునూ కాగితంమీద వ్రాసి తీసుకురమ్మన్నది. ఇంట్లో అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. గుళికలు, నీళ్ళు. అంతే కదా! నెలకొకసారి ఇచ్చే గుండెపురుగు నివారణ మాత్ర సంగతి అప్పుడు కోడలికి గుర్తుకువచ్చింది. డబ్బా తీసి చూస్తే అది గొడ్డుమాంసపు రుచి కలిపిన నమిలే బిళ్ళ. దోమల ద్వారా వచ్చే ఆ పురుగు టెక్సాస్‌లో ప్రాణాంతకం కాబట్టి మందు మానరాదు. కాని రుచి కలపని రకాలు, చర్మంమీద రాసే రకాలు దొరుకుతాయి. కుక్కల పళ్ళపొడికి కూడా కోడి రుచి ఉన్నదని తెలిసింది.

“మరి నాయనమ్మ ముద్ద?” అన్నాడు పిల్లవాడు.

ఎవరూ మాట్లాడలేదు. “ముద్ద పెరుగన్నమేగా, అమ్మాయీ” అన్నది పెద్దావిడ. “మాంసం పడదన్నారు గానీ పెరుగు పడదని ఎవరన్నారు? ఎదురుగా కూర్చుని నోట్లోకి చూస్తుంటే, పెట్టకుండా ఎట్లా తినేది?”

ఆమె మాటలో తప్పు లేదు. వైశ్వదేవంలో కాకికీ కుక్కకూ అన్నం తీసిపెట్టి గాని భోజనం చేయని సంప్రదాయం ఆమెది. తెలుగుదేశంలో తరతరాల కుక్కలు ఆ ముద్దమీదనే బ్రతికాయి. పెరుగు చలవ చేస్తుందని, జబ్బుపడ్డవారికి కూడా పెట్టేదనీ ఆమెకు తెలుసు. పాలు అరగనివారు పెరుగు తినగలగడం కూడా నిజమే. తోడులోని బాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను కొంత తినివేస్తుంది. కాని లాక్టోజ్ అరగకపోవడం వేరు, పాల ప్రోటీను పడకపోవడం వేరు. పాల ప్రోటీనులలో ఐదింట నాలుగు వంతులు కేసీన్. తోడుపెడితే అది గడ్డకడుతుందే కాని పోదు. ఒక చెంచా పెరుగులో సుమారు అర గ్రాము ప్రోటీను ఉంటుంది. అణువుల లెక్కలోకి మార్చితే 1 ప్రక్కన 19 సున్నలు. కొక్కేలు వంతెనకోసం ఎదురుచూస్తున్న శరీరానికి ఇది కొంచెం కాదు. ఆ లెక్కన రెండేళ్లపాటు దురదమాత్రను చీజులో దాచిపెట్టడమంటే రోగాన్నీ మందునూ ఒకే ముద్దలో కలిపి తినిపించడమే!

తాతయ్య మాత్రం నవ్వి, నన్నయగారి భారతం మొదట్లోనే వచ్చే సరమ కథ గుర్తుచేశారు. యజ్ఞవాటికలో తిరుగుతున్న సారమేయుణ్ణి ఏ తప్పూ చేయకున్నా జనమేజయుని తమ్ముళ్ళు కొట్టారు. ఇక్కడ కథ తిరగబడింది. హవిస్సు ముట్టిన సారమేయుణ్ణి ఎవరూ పట్టుకోలేదు.

జూన్ చివరి వారంలో పరీక్ష మళ్ళీ మొదటినుంచి మొదలయింది. ఈసారి నాయనమ్మ కంచం ప్రక్కన ఒక చిన్న గిన్నె వచ్చింది. అందులో లడ్డూ గుళికలు. తాను పెరుగన్నం కలుపుకునే వేళకు ఒక్కొక్క గుళికే తీసి ఆమె తన చేత్తోనే పెట్టేది. కుక్కకు కావలసినది పెరుగు కాదు, ఆ చేయి అని రెండు రోజులలో తేలిపోయింది. ఇంకొక పని కూడా ఆమే తీసుకున్నది. దురదను 0 నుంచి 10 వరకు అంకెలలో కొలిచి ప్రతిరోజూ వ్రాయమని వైద్యురాలు చెప్పింది. తెనాలిలో పాలలెక్క వ్రాసినట్లే, గోడమీది తెలుగు క్యాలెండరు గళ్ళలో ఆమె ఆ అంకెలు వేసింది. మొదటి గడిలో 7. మూడవ వారంలో 6, 5, 6. ఐదవ వారంలో 4. ఆగస్టు చివరికి 2. మెడబిళ్ళ మోత ఆగిపోయింది. పిల్లవాడు తన మంచంమీదకు తిరిగి వెళ్ళాడు.

అంతటితో సంతోషించి ఆగిపోవడం చాలామంది చేసే పొరపాటు. ఋతువు మారినందువల్లనో స్నానాల వల్లనో తగ్గి ఉండవచ్చు. సెప్టెంబరు మొదట్లో నాయనమ్మ చేతనే మళ్ళీ పెరుగన్నం పెట్టించారు. ఆమెకు మనసొప్పలేదు. మూడవ రోజున క్యాలెండరు గడిలో 6 పడింది. వెంటనే ఆపివేసి, అంకె దిగేదాకా ఆగి, ఒకే మాంసంతో చేసి అమ్మే ఎండుముక్కలతో కోడిని పరీక్షించారు. పదార్థం పడనప్పుడు చాలా కుక్కలలో వారంలోగా, దాదాపు అన్నిటిలోనూ రెండు వారాలలోగా దురద తిరిగివస్తుంది. రెండు వారాలు గడిచినా ఏమీ కాలేదు. పెద్దవాళ్ళు తెనాలి వెళ్ళాక గొడ్డుమాంసాన్ని పరీక్షిస్తే ఐదవ రోజున చెవులు ఎర్రబడ్డాయి. పాలకూ గొడ్డుమాంసానికీ ఉన్న చుట్టరికం పైన చెప్పినదే. ఇకపై లడ్డూ కోడిమాంసం, బియ్యం ఉన్న ఆహారం హాయిగా తినవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పెరుగు బదులు మన వంటలలో ఇంకేదయినా పెడదామని కొందరు చూస్తారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను చిట్లగొడతాయి. పాయసంలోని ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీయగలదు. దానికి కారణం ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం అయి ఉండవచ్చునని అమెరికన్ పశువైద్యులు 2021 లో ప్రతిపాదించారు. చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కలు కూడా ఆ అనుమానానికి బలమిచ్చాయి. చింతపండులో ఈ ఆమ్లం ఎంత దట్టంగా ఉంటుందో తెలుగువారికి వేరే చెప్పాలా? పులుసన్నం, పులిహోర కుక్క దరికి రానీయరాదు.

డిసెంబరు గాలి

డిసెంబరు మూడవ వారంలో అంకె మళ్ళీ 5 కు ఎక్కింది. ఇంట్లో ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. కాని ఈసారి దోషి బయట ఉన్నాడు. ఆస్టిన్ పడమటి కొండలనిండా మౌంటెన్ సీడార్ అని పిలవబడే చెట్లు ఉన్నాయి. పేరుకు సీడార్, జాతికి జూనిపర్. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మగచెట్లు పొగలేచినట్లు పుప్పొడి వదులుతాయి. మనుషులకు కూడా సీడార్ ఫీవర్ అనే బాధ తప్పదు. లడ్డూకు మొదటి ఏడు చలికాలంలో మాత్రమే దురద రావడానికి కారణం ఇదే. ఆహారపు ఎలర్జీ తరువాత వచ్చి చేరింది.

ఈ రెండూ ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. దురదకు ఒక గట్టు ఉన్నదనుకుంటే, పుప్పొడి కొంత, పెరుగు కొంత, చర్మంమీది బాక్టీరియా కొంత కలిసి ఆ గట్టు దాటిస్తాయి. ఆహారం సరిచేసినందువలన నిరుటి చలికాలంలో 8 ఉన్న అంకె ఈసారి 5 దగ్గర ఆగింది. ఆ మిగిలినదానికి వేరే ఉపాయాలు కావాలి, ఎందుకంటే పెరుగును ఆపినట్లు గాలిని ఆపలేము.

బయట తిరిగివచ్చాక పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడవడం, వారానికొక స్నానం, పరుపును వేడినీటిలో ఉతకడం తేలికయిన పనులు. పరుపు మాట ఎందుకంటే, దుమ్ములో బ్రతికే ధూళినల్లి అనే కంటికి కనబడని జీవి కుక్కల ఎలర్జీకి పెద్ద కారణం. ఆ నల్లిలో మనుషులకు పడనివి ఎక్కువగా చిన్న ప్రోటీనులు. కుక్కలకు పడనివి కైటినేజు జాతికి చెందిన పెద్ద ప్రోటీనులు. ఒకే పురుగు, ఇద్దరికీ వేర్వేరు శత్రువులు.

మందులలో 2013 లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన ఓక్లాసిటినిబ్ మాత్ర ఇంటర్‌ల్యూకిన్-31 సంకేతం కణంలోకి చేరే దారిలో జానస్ కైనేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. గంటలలో గుణం కనబడుతుంది. ఏడాది నిండని పిల్లలకు వాడరాదు, అంటువ్యాధులపై కన్ను వేసి ఉంచాలి. లోకివెట్‌మాబ్ అనేది సూదిమందు. ఇది ఇంటర్‌ల్యూకిన్-31 నే పట్టి బంధించే, కుక్క శరీరానికి అనువుగా రూపొందించిన ప్రతిరక్షకం. ఒక్క సూది నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. రెండూ ఖరీదయినవే, రెండూ దురదను అణచేవే కాని ఎలర్జీని మాన్పేవి కావు.

ఎలర్జీ స్వభావాన్నే మార్చడానికి ప్రయత్నించే చికిత్స ఒకటే ఉంది, అదీ చాలా పాతది. లండన్‌లో లెనార్డ్ నూన్ 1911 లో గడ్డి పుప్పొడి సారాన్ని రోగులకు కొద్దికొద్దిగా సూదిద్వారా ఎక్కించిన పద్ధతే అది. ఆహారం విషయంలో పనికిరాని రక్తపరీక్ష, చర్మపరీక్ష ఇక్కడ పనికివస్తాయి: ఎలర్జీ ఉన్నదా అని తేల్చడానికి కాదు, సీసాలో ఏమేమి కలపాలో నిర్ణయించడానికి. సుమారు మూడింట రెండు వంతుల కుక్కలలో మేలు కనబడుతుంది. కాని ఏడాదిపాటు ఓపిక పట్టాలి. లడ్డూకు సీడార్, రాగ్‌వీడ్, ధూళినల్లి సారాలతో సీసా తయారయింది. మొదటి చలికాలం సూదిమందు తోడుతోనే గడిచింది. మరుసటి చలికాలంలో ఆ సూది ఒక్కసారే అవసరమయింది.

క్యాలెండరు ఇప్పుడు కోడలు నింపుతోంది. ఆదివారం ఉదయం తెనాలి నుంచి ఫోను వస్తుంది. పిల్లవాడి పరీక్షల సంగతి, పెద్దాయన మోకాళ్ళ నొప్పి సంగతి తరువాత. “ఇవాళ ఎంత?” అన్నది మొదటి ప్రశ్న.

“రెండు, అత్తయ్యగారూ. నిన్న స్నానం మానేశాం.”

“మానకండి” అంటుంది ఆవిడ.